తుపాకీ నూనెల గురించి మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. రైఫిల్ ఇంకా చేతికి అలవాటు పడనేలేదు, అప్పుడే బల్ల నిండా సీసాలూ స్ప్రే డబ్బాలూ పోగేశావని చదివి నవ్వొచ్చింది. "వీటన్నిటిలో ఏది బెస్ట్ మామయ్యా?" అని అడిగావు. ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, ఉన్నన్నాళ్ళూ కొత్తగా వచ్చిన కుర్రాళ్ళందరూ అడిగింది ఇదే. వాళ్ళు నూనె పేరు చెప్పమంటారు, నేనేమో ఎక్కడ వెయ్యడానికని అడుగుతాను. తుపాకీలో ఒకచోట ఉక్కు ఉక్కును బలంగా అదుముతుంది. ఒకచోట వేగంగా జారుతుంది. ఒకచోట మండే గ్యాసు తగులుతుంది. ఇంకోచోట అసలు కదలికే ఉండదు, తుప్పు పట్టకుండా ఉంటే చాలు. ఈ చోట్లన్నిటికీ ఒకే సీసా సరిపెట్టాలనుకుంటే ఏదో ఒకచోట తేడా కొడుతుంది. అందుకని ముందు చోటు చూసుకో, తర్వాత వాతావరణం, ఆపైన మళ్ళీ ఎన్నాళ్ళకు కాలుస్తావన్నది. సీసా మీది పేరు ఆఖర్న.

నూనె సంగతికి ముందు ఒక పని. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తియ్యి, బోల్ట్ (చాంబర్‌ను వెనక నుంచి మూసే ఉక్కు కడ్డీ) వెనక్కి లాగు, చాంబర్‌ను (తూటా కూర్చునే గదిని) కంటితో చూసి వేలితో కూడా తడుము. తూటాలు బల్ల మీదే కాదు, ఆ గదిలోనే ఉండకూడదు. నిన్న ఖాళీ చేసి పెట్టాను కదా అని ఇవాళ చూడకుండా మొదలుపెట్టొద్దు.

నువ్వు రాసిన జాబితాలో సగం సీసాలు అసలు నూనెలు కావు, సాల్వెంట్లు. హాప్స్ నంబర్ 9 ఉంది చూడు, 1903 నుంచీ ఉన్న సరుకు అది. బ్యారెల్‌లోని మసినీ మడ్డినీ కరిగించడం దాని పని. పని అయ్యాక దాన్ని పూర్తిగా తుడిచెయ్యాలి. గుండు పైతొడుగు బ్యారెల్‌లో వదిలే రాగి మరకలు తీసే సాల్వెంట్లలో చాలావాటికి అమ్మోనియా ఉంటుంది, వాసనే చెబుతుంది. సీసా మీద ఎన్ని నిమిషాలని రాసి ఉంటే అన్ని నిమిషాలే ఉంచు. రాత్రంతా నానబెడితే బ్యారెల్ లోపలి ఉక్కు దెబ్బతినొచ్చు. నికెల్ పూత ఉన్న తుపాకీకైతే దాని జోలికే పోవద్దు. చాలాసార్లు నికెల్ కింద రాగి పొర ఉంటుంది, అమ్మోనియా సందుల్లోంచి దూరి ఆ పొరను తినేస్తే పైపూత పెచ్చులుగా లేస్తుంది.

నీలం, పసుపు రంగుల డబ్బా, డబ్ల్యూడీ-40, దాని గురించి అదే చాలనేవాళ్ళకూ అసలొద్దనేవాళ్ళకూ మధ్య ఎప్పుడూ గొడవే. 1953లో తడిని తరిమేసే ద్రవం కోసం చేసిన ప్రయత్నాల్లో నలభయ్యోది కుదిరిందట, పేరులోనే ఆ కథ ఉంది. వానలో తడిసిన తుపాకీ లోపలి నీటిని వెళ్ళగొట్టడానికి అది బాగానే పనికొస్తుంది. అయితే అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయే సాల్వెంటే. మిగిలే పొర చాలా పలుచన. దాన్నే కొట్టి నెలల తరబడి బీరువాలో పెట్టేస్తే తుప్పును ఆపలేదు, మీదుమిక్కిలి ఎండిన జిడ్డు మిగులుతుంది. తడి ఆరాక తుడిచేసి అసలు నూనె వెయ్యి. పని తెలిసి వాడితే మంచి సరుకే, అన్నిటికీ అదే కొట్టేవాళ్ళతోనే నాకు పేచీ.

శుభ్రం చెయ్యడం, జారనివ్వడం, తుప్పును ఆపడం, మూడూ ఒకే సీసాతో చేసేదాన్ని సీఎల్‌పీ అంటారు. అమెరికా సైన్యం దీనికి మిల్-పీఆర్‌ఎఫ్-63460 అనే ప్రమాణం పెట్టింది. మైనస్ 51 డిగ్రీల సెల్సియస్ నుంచి 71 డిగ్రీల దాకా పనిచెయ్యాలని అందులో ఉంది. సైనికుడి సంచిలో ఒక్క సీసాకే చోటుంటుంది కాబట్టి వాళ్ళకు అది కావాలి. నీకు బల్లా, తీరికా రెండూ ఉన్నాయి. శుభ్రం చెయ్యడంలో సాల్వెంటంత కాదు, ఒత్తిడి తట్టుకోవడంలో గ్రీజంత కాదు, బీరువాలో కాపాడడంలో తుప్పు నిరోధక నూనెంత కాదు, కానీ మూడూ ఫరవాలేదనిపిస్తుంది. ఒక్క సీసానే కొనుక్కోమంటే నేనూ ఇదే కొంటాను. వాడే ముందు మాత్రం బాగా కుదుపు. కొన్ని రకాల్లో టెఫ్లాన్ రేణువులు అడుగుకు చేరి ఉంటాయి.

నూనె చిక్కదనాన్ని ఎలా పోల్చాలని అడిగావు. పారిశ్రామిక నూనెల మీద ఐఎస్‌ఓ వీజీ అని ఒక అంకె ఉంటుంది. 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ నూనె ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే అంకె అది. 10, 15 అంటే బాగా పలుచన, ట్రిగ్గర్ పిన్నుల్లాంటి చిన్న ఇరుసులకు సరిపోతుంది. 32, 46 వైపు వెళ్తే పిస్టల్ పైభాగం ముందుకూ వెనక్కూ జారే స్లైడు పట్టాల మీద కాస్త నిలుస్తుంది. గన్ ఆయిల్ సీసాల మీద ఈ అంకె సాధారణంగా వెయ్యరు, గొప్పలు మాత్రం వేస్తారు. అందుకే గాజు పలక పరీక్ష చెయ్యమంటాను. నీ దగ్గరున్న ప్రతి నూనెలోంచీ ఒక్కో చుక్క గాజు పలక మీద వరసగా వేసి, పేర్లు రాసి, పలకను కొంచెం వాలుగా పెట్టు. ఏది ఎంత దూరం జారిందో మర్నాడు తెలుస్తుంది. పలకను దుమ్ము పడని చోట రెండు మూడు నెలలు అలాగే ఉంచి, అప్పుడు వేలితో రుద్ది చూడు. కొన్ని తడిగానే ఉంటాయి. కొన్ని ఆనవాలు లేకుండా ఆవిరైపోతాయి. కొన్ని వేలికి బంకలా అంటుకుంటాయి. ఆ మూడో రకాన్ని తుపాకీ దరిదాపులకు రానివ్వకు.

వంటనూనెలు ఆ మూడో రకమే. గాలి తగిలి మెల్లగా గట్టిపడతాయి. అవిసె నూనె అయితే వార్నిష్ లాగే గడ్డకడుతుంది, అందుకే అది భుజానికి ఆనించే చెక్క స్టాకుకు మెరుగు పెట్టడానికి మంచిది, ఉక్కు లోపలికి పనికిరాదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. ఒకప్పుడు తుపాకులకూ గడియారాలకూ స్పెర్మ్ తిమింగలం నూనెను మించింది లేదనేవారు. చూడ్డానికి నూనెలా ఉన్నా రసాయనికంగా అది మైనం జాతి, ఆ కారణంగానే త్వరగా బంక కట్టేది కాదు. తిమింగలాల వేట మీద ఆంక్షలు వచ్చాక ఆ నూనె కనుమరుగైంది. దానికి దగ్గరి గుణాలున్నది జొజోబా గింజల్లోంచి తీసే ద్రవం.

కారు ఇంజిన్ ఆయిల్ వెయ్యొచ్చా అంటే, నిక్షేపంగా వెయ్యొచ్చు. సింథటిక్ రకం వేడిని తట్టుకుంటుంది, అరుగుదలను ఆపే జింకు సమ్మేళనాలు అందులో ఉంటాయి. ఈ మాట చెబితే గన్ ఆయిల్ అమ్మేవాళ్ళకు కోపం వస్తుంది, కానీ నిజం. పని చేసేటప్పుడు దానితో ఇబ్బంది లేదు. తేమలో నెలల తరబడి కదలకుండా ఉండే ఉక్కును కాపాడడానికి దాన్ని తయారుచెయ్యలేదు, లోటల్లా అక్కడే.

ఇక గ్రీజు. గ్రీజంటే చిక్కటి నూనె అనుకుంటారు చాలామంది. లిథియం సబ్బో, కాల్షియం సబ్బో, ఒక్కోసారి ఒక రకం బంకమన్నో నూనెను తనలో పట్టి ఉంచుతుంది. అదిమినప్పుడు కాస్త కాస్త వదులుతుంది. గ్రీజు గట్టిదనాన్ని చెప్పే ఎన్‌ఎల్‌జీఐ అంకెల్లో 000 అంటే దాదాపు కారిపోయేంత పలుచన, 6 అంటే గట్టి ముద్ద. బేరింగులకు మామూలుగా వాడేది 2. తుపాకీకి 2 దాటి వెళ్ళొద్దు. చలి ప్రాంతంలో కాల్చేవాడివైతే 0 గానీ 1 గానీ వాడుకో. వేరే రకం గ్రీజుకు మారినప్పుడు పాతదాన్ని సాల్వెంటుతో పూర్తిగా కడిగెయ్యి. బంకమన్ను గ్రీజునూ లిథియం గ్రీజునూ కలిపితే రెండూ చెడి నూనె విడిపోతుంది.

గ్రీజు ఎందుకని అనుమానం ఉంటే నీ బోల్ట్‌ను బయటికి తీసి వెలుతురులో పట్టుకుని చూడు. ముందు కొసన లాకింగ్ లగ్గులు (బోల్ట్‌ను కదలకుండా బిగించి పట్టే దంతాలు) ఉన్నాయి కదా, వాటి వెనక ముఖం మీద నల్లపూత అరిగి మెరిసే చిన్న మచ్చ ఉంటుంది. .308 లాంటి తూటా పేలినప్పుడు చాంబర్‌లో చదరపు అంగుళానికి 60 వేల పౌండ్ల దాకా ఒత్తిడి పుడుతుంది. ఆ తోపుడులో చాలాభాగం వచ్చి పడేది ఆ మచ్చ మీదే. పలుచని నూనె అక్కడ నిలవలేదు, పక్కకు పోతుంది. నూనె పొర పోయిన చోట ఉక్కు ఉక్కును పట్టుకుని చీరుతుంది. రెండువైపులా స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే ఈ చీరుడు మరీ ఎక్కువ. పుల్ల కొసతో ఆవగింజంత గ్రీజు తీసి ఒక్కో లగ్గు వెనక రాయి. బోల్ట్ వెనక కొసన కాకింగ్ క్యామ్ (పేల్చే సూదిని వెనక్కి లాగి ఎక్కుపెట్టే గాడి) వాలు మీదా అంతే. బోల్ట్‌ను లోపల పెట్టి నాలుగుసార్లు తెరిచి మూసి, మళ్ళీ బయటికి తియ్యి. ఎక్కువైంది పక్కలకు ఉబికి ఉంటుంది, దాన్ని గుడ్డపీలికతో తుడిచెయ్యి. బోల్ట్ ఒంటికి గ్రీజు అక్కర్లేదు, నూనె తడి చేసిన గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు.

జారేచోట గ్రీజు, తిరిగేచోట నూనె అని ఒక లెక్క చెబుతుంటారు. సగానికి పైగా నిజమే, కానీ డబుల్ బ్యారెల్ షాట్‌గన్ తెరుచుకునే కీలు పిన్ను తిరిగేదే, దానికి గ్రీజే కావాలి. బరువంతా దాని మీదుంటుంది మరి. షాట్‌గన్ మూతికి బిగించే చోక్ గొట్టాల మరలకూ గ్రీజు రాయాలి, లేకపోతే వేడికీ మసికీ బిగుసుకుపోయి ఊడిరావు. రివాల్వర్ సిలిండర్ తిరిగే ఇరుసుకు మాత్రం ఒకే ఒక్క నూనె చుక్క.

వానకు నూనె కొట్టుకుపోతుంది, గ్రీజు అంత తొందరగా పోదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ల ఎం1 గారండ్ రైఫిల్ జడివానలో బిగుసుకునేది. లూబ్రిప్లేట్ 130-ఏ అనే గ్రీజును చిన్న డబ్బీల్లో పెట్టి సైనికులకు ఇచ్చారు. బోల్ట్ లగ్గు తిరిగే గాడిలో కాస్త రాస్తే ఆ చిక్కు తీరింది. చలికి ఇదంతా తలకిందులు. 1941 చలికాలంలో మాస్కో ముందర జర్మన్ సైన్యం తుపాకుల్లో నూనె, గ్రీజు గట్టిపడి మెషిన్‌గన్లు మొరాయించాయి. గడ్డకట్టే చలిలో కాల్చాల్సి వస్తే పాత గ్రీజంతా కడిగేసి, పలుచని సింథటిక్ నూనె ఉందా లేదా అన్నట్టు వెయ్యి. చలిలోంచి వెచ్చని గదిలోకి తెచ్చినప్పుడు సంచి వెంటనే తెరవొద్దు. లోపలి ఉక్కు గది వేడికి వచ్చేదాకా ఆగు. లేకపోతే గాలిలోని తేమంతా చల్లటి ఉక్కు మీద నీరై కూర్చుంటుంది, నువ్వు తుడవలేని సందుల్లో కూడా.

దుమ్ములో జిడ్డు ఎక్కువైతే దుమ్మూ నూనే కలిసి సానపట్టే పిండి అవుతుంది. అలాగని ఆటోమేటిగ్గా మళ్ళీ లోడయ్యే తుపాకీని పూర్తిగా ఎండగట్టినా ఆగిపోతుంది. దుమ్ము తగిలే బయటి భాగాలు పొడిగా ఉంచి, లోపల రుద్దుకునే చోట్ల నూనె ఉంచి, మామూలు కంటే తరచుగా తుడిచి మళ్ళీ వేసుకోవడం తప్ప వేరే దారి లేదు. గ్యాసు బోల్ట్ దాకా వచ్చే తుపాకుల్లో నూనె మండి పోతుంటుంది. వాటికి మిగతావాటికంటే కాస్త ధారాళంగానే వెయ్యాలి.

పొడిగా ఉంచాల్సిన చోట్ల సంగతి కొత్తవాళ్ళకు ఎవరూ చెప్పరు. ఫైరింగ్ పిన్ (తూటా అడుగును కొట్టి పేల్చే సూది) గొట్టంలో నూనె పోస్తే మసీ, ఇత్తడి పొడీ చేరి బురదవుతుంది. చలికి అది గట్టిపడిందంటే పిన్ను దెబ్బ తేలిపోయి తూటా పేలదు. మ్యాగజైన్ లోపల నూనె వేస్తే అది తూటాలకు అంటుకుని, పాకి ప్రైమర్‌ను (తూటా అడుగున మందును రాజేసే చిన్న బిళ్ళను) పాడుచెయ్యొచ్చు. పేలుడు గ్యాసుతో కదిలే గ్యాస్ పిస్టన్, ఆ గ్యాసు వెళ్ళే గ్యాస్ గొట్టం పొడిగానే ఉండాలి, నూనె అక్కడ మాడి పెంకు కడుతుంది. చాంబర్ మరీ ముఖ్యం. పేలినప్పుడు తూటా ఇత్తడి గొట్టం వ్యాకోచించి చాంబర్ గోడను పట్టుకుని కొంత తోపుడు తానే ఆపుతుంది. గోడకు నూనె ఉంటే ఆ పట్టు తప్పి భారమంతా బోల్ట్ మీదికి వస్తుంది. బ్యారెల్ లోపల బీరువా కోసం రాసిన నూనె ఉంటే కాల్చే ముందు పొడి పీలికలు రెండు మూడు తోసి తుడిచెయ్యి. అది మిగిలి ఉంటే మొదటి గుండు వేరేచోటికి పోతుంది. గ్రీజు ముద్దే మిగిలిందనుకో, బ్యారెల్ ఉబ్బిపోయే ప్రమాదమూ ఉంది. తూటాలకు కావాలని నూనె పూసే తుపాకులు కూడా ఉండేవి. ఇటలీ వాళ్ళ బ్రెడా 30, జపాన్ వాళ్ళ టైప్ 11 మెషిన్‌గన్లలో అందుకోసం నూనె తొట్టే అమర్చారు. ఖాళీ గొట్టం సాఫీగా బయటికి రావడానికి అదొక్కటే దారి వాటికి. ఫలితం, ప్రతి తూటా తనతో దుమ్మును లోపలికి మోసుకెళ్ళేది.

నూనె ఎంత మేలైనదైనా మసి మీద పోస్తే దండగ. 1960ల్లో వియత్నాంలో ఎం16 రైఫిళ్ళు అడ్డం తిరిగాయని విని ఉంటావు. తూటాల్లోని పేలుడు మందు రకం మార్చారు, చాంబర్‌కు క్రోమియం పూత వెయ్యలేదు, శుభ్రం చేసే సామాను చాలినంత ఇవ్వలేదు. 1967లో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం వేసి విచారించింది. తుప్పు పట్టిన చాంబర్‌లో ఇరుక్కున్న ఇత్తడి గొట్టాన్ని తోసెయ్యడానికి కావాల్సింది క్లీనింగ్ రాడ్. ఎంత నూనె ఉంటే ఏం లాభం?

పాత సైనిక మిగులు తూటాలు కాల్చేట్టయితే ఇంకో చిక్కుంది. వాటి ప్రైమర్లలో చాలావాటికి పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక అది పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పుగా మారి బ్యారెల్‌లో మిగులుతుంది. గాలిలో తేమ పీల్చుకుని తుప్పు పుట్టిస్తుంది. నూనె ఉప్పును కరిగించలేదు. ఉప్పుకు విరుగుడు నీళ్ళే. బ్యారెల్‌లోంచి వేడినీళ్ళు పోసి, పొడి పీలికలతో ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె. తుపాకీలో నీళ్ళేమిటని భయపడకు, వేడి ఉక్కు తనంతట తానే ఆరుతుంది. 1904లో జర్మనీలో పుట్టిన బాలిస్టాల్ ఇక్కడ అక్కరకొస్తుంది. మిగతా నూనెల్లా కాకుండా అది నీళ్ళతో కలిసి పాలలా అవుతుంది. నీళ్ళు ఉప్పును తీసుకుపోతే నూనె వెనక పొరగా నిలుస్తుంది. వాసన మాత్రం నాకు పడదు.

నల్లటి మాలిబ్డినం గ్రీజు మీద మోజు పడ్డావని రాశావు. బలంగా అదిమేచోట అది మంచిదే, పొరలు పొరలుగా జారే పదార్థం. కానీ చేతికీ బట్టకీ అంటుకుంటే వదలదు, ఆవగింజలో సగం చాలు. గ్రాఫైట్ పొడిని మాత్రం అల్యూమినియం ఫ్రేములున్న తుపాకీకి వాడొద్దు. తేమ తగిలితే రెండు లోహాల మధ్య బ్యాటరీలో జరిగేదే జరిగి అల్యూమినియం తినుకుపోతుంది.

నెలల తరబడి దాచేటప్పుడు చేతి చెమటే మొదటి శత్రువు. అందులో ఉప్పు ఉంటుంది, కొందరి వేలిముద్ర మర్నాటికే తుప్పు మరకవుతుంది. ఆఖరిసారి తుడిచాక ఉత్త చేత్తో ముట్టుకోకు. నూనె పొర పలుచగా, ఎక్కడా ఖాళీ లేకుండా ఉండాలి. కారేంత పోస్తే అది కిందికి జారి స్టాకు చెక్కలో ఇంకి, చెక్క నల్లబడి మెత్తబడుతుంది. పాత షాట్‌గన్లలో స్టాకు మెడ దగ్గర విరగడానికి ఇదొక కారణం. నూనె వేశాక మూతి కిందికి ఉండేలా నిలబెట్టేది అందుకే. తోలు సంచిలోనూ స్పాంజి పెట్టెలోనూ దాచొద్దు, రెండూ తేమను పట్టుకుంటాయి. బీరువాలో సిలికా జెల్ పెట్టి, గాలిలో తేమ 50 శాతం దాటకుండా చూసుకో. ఏళ్ళ తరబడి దాచే ఆయుధాలకు కాస్మొలిన్ అనే మైనంలాంటిది పూస్తారు. నీకది అక్కర్లేదు. అలాంటిది పూసిన పాత రైఫిల్ చేతికొస్తే మాత్రం ఫైరింగ్ పిన్ గొట్టంలోంచి కూడా అదంతా తీసేదాకా కాల్చకు.

చెల్లాయి కొడుకు ఎయిర్ రైఫిల్ సంగతి కూడా అడిగావు. పైన చెప్పినవేవీ దానికి వర్తించవు. స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ రైఫిల్‌లో గాలి ఒక్కసారిగా నొక్కుకుని వేడెక్కుతుంది. అక్కడ పెట్రోలియం నూనె ఉంటే అది డీజిల్ ఇంజిన్‌లో లాగే అంటుకుని పేలుతుంది, సీలూ స్ప్రింగూ చెడతాయి. గాలి నొక్కే గదిలో తయారీదారు చెప్పిన సిలికాన్ నూనె తప్ప ఏదీ వద్దు. ముందే గాలి నింపుకునే రకాల్లో 200 బార్, కొన్నిటిలో ఇంకా ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. గాలి కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగులకు సిలికాన్ గ్రీజు ఒక్కటే వాడాలి. అయితే ఆ సిలికాన్‌ను తీసుకెళ్ళి ట్రిగ్గర్ ఉక్కు మీద రాయొద్దు, ఉక్కు మీద ఉక్కు రుద్దుకునేచోట అది నిలవదు. వాడికి ఈ ముక్క విడిగా రాసి పెట్టు, నీ సీఎల్‌పీ సీసా అందకుండా దాచు.

పని చేసేటప్పుడు కిటికీలు తెరిచి, నైట్రైల్ గ్లవ్స్ వేసుకో. మసిలో సీసం ఉంటుంది, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తినడం. స్టాకుకు అవిసె నూనె పట్టించిన గుడ్డలను ఉండచుట్టి చెత్తబుట్టలో పడెయ్యకు. ఆరేటప్పుడు వాటిలో వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి, పూర్తిగా గట్టిపడ్డాక పారెయ్యి.

ఉంటాను.

మీ మామయ్య